గురివింద తూకం

పూర్వం కంసాలి త్రాసులో బంగారానికి ఎదురుగా కూర్చున్నది గురివింద గింజ. తన కింద నలుపు తానెరగదని సామెతకెక్కిందీ ఆ గింజే. పైపెంకు చితికి లోపలి పప్పు కడుపులో పడితే ప్రాణం తీసేదీ ఆ గింజే. తూకం, తప్పు, విషం మూడూ ఒక్కచోట ఇమిడిన ఈ వస్తువు మన పల్లె కంచెల మీద ఎర్రగా కాస్తుంది. మనిషి రక్తంలో మత్తుమందు ఎంతుందో తూచి చెప్పే ప్రయోగశాలల గురించి చదివినప్పుడల్లా నాకు గురివిందే గుర్తుకొస్తుంది.

అలాంటి రెండు తూకాలను పక్కపక్కన పెట్టి చూడాలని ఈ ప్రయత్నం. ఒకటి మనకు బాగా తెలిసినది: సర్కారు కట్టి, సర్కారు జీతాలిచ్చి, సర్కారు ముద్రతో నివేదిక పంపే ఫోరెన్సిక్ సైన్స్ ల్యాబ్. ‘ఎఫ్‌ఎస్‌ఎల్ నివేదిక రావాల్సి ఉంది’ అన్న వాక్యం పత్రికలో చదవని తెలుగు పాఠకుడు ఉండడు. రెండోది ఇంగ్లండ్, వేల్స్‌లది: డ్రగ్స్ తీసుకుని బండి నడిపాడన్న అనుమానంతో పోలీసులు తీయించిన రక్తాన్ని కాంట్రాక్టు ప్రకారం ప్రైవేటు ల్యాబ్‌కు పంపి, ఆ ల్యాబ్ చెప్పిన అంకె మీద కేసు నడిపే పద్ధతి. మొదటిదాని మీద నాకు ఇంటి మనిషి మీద ఉండే మమకారం ఉంది. రెండోదాని మీద, తన తప్పును పార్లమెంటులో నిలబడి ఒప్పుకున్నందుకు గౌరవం ఉంది. ఏది గొప్పదో తేల్చడానికి ఈ పోలిక పెట్టలేదు. ఒకదాని నలుపు ఇంకొకదాని వెలుగులో కనబడుతుందేమోనని పెట్టాను.

ముందు చట్టాలు చూద్దాం. మన మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ మద్యానికి ఒక అంకె పెట్టింది: 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. మత్తుమందుకు మాత్రం అంకె పెట్టలేదు. బండిని అదుపులో ఉంచుకోలేనంతగా మందు ప్రభావంలో ఉండటం నేరమంది. కేంద్రం నోటిఫై చేసిన మందులైతే ఆ అదుపు తప్పినట్టే లెక్క అని వివరణ చేర్చింది. అంతే. రక్తంలో ఎంత ఉంటే నేరమో చెప్పలేదు.

ఇంగ్లండ్‌లో దీనికి తిరగేసిన వరస. మద్యం విషయంలో వాళ్లు మనకన్నా ఉదారులు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాముల దాకా ఊరుకుంటారు. మత్తుమందుల దగ్గరికి వచ్చేసరికి చాలా కఠినులు. అక్కడ కూడా ఒకప్పుడు డ్రైవరు మత్తులో బండి సరిగా నడపలేకపోయాడని నిరూపించాల్సి వచ్చేది. ఆ సెక్షన్ ఇప్పటికీ ఉంది. అయితే 2015 మార్చి 2 నుంచి దాని పక్కన 5ఏ అనే కొత్త సెక్షన్ అమల్లోకి వచ్చింది. అది ఒక్కో మందుకు ఒక్కో హద్దు పెట్టింది. గంజాయిలోని టీహెచ్‌సీ లీటరు రక్తంలో 2 మైక్రోగ్రాములు, కొకైన్ 10, ఎండీఎంఏ 10, ఎల్‌ఎస్‌డీ 1. వైద్యులు రాసే మందులకు కాస్త పెద్ద అంకెలు: డయాజిపామ్ 550, మార్ఫిన్ 80. ఆ అంకె దాటితే చాలు. డ్రైవరు తూలాడా, తిన్నగా నడిచాడా అన్న ప్రశ్న లేదు. తక్కువలో తక్కువ ఏడాదిపాటు డ్రైవింగ్ నిషేధం, దాని మీద జరిమానా, అవసరమైతే ఆరు నెలల వరకూ జైలు. వైద్యుడు చెప్పినట్టే మందు వాడానని చూపించగలిగినవాడికి మినహాయింపు ఉంది. మన దేశపు లైసెన్సుతో ఏడాదిపాటు అక్కడ కారు నడిపే తెలుగు విద్యార్థులు, ఉద్యోగులు చాలామందికి 80 సంగతి తెలుస్తుంది గానీ ఈ చిన్న అంకెల సంగతి తెలియదు.

ఈ చిన్నతనం ఎంతో ఒకసారి లెక్కేసి చూడండి. మన మద్యం హద్దును లీటరుకు మారిస్తే 3,00,000 మైక్రోగ్రాములు. ఇంగ్లండ్ గంజాయికి పెట్టిన హద్దు 2 మైక్రోగ్రాములు. అంటే లక్షా యాభై వేల రెట్లు చిన్నది. మద్యాన్ని ఊపిరితోనే పట్టేయొచ్చు. డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీలో బ్రెత్ ఎనలైజర్ గొట్టంలోకి ఊదిన మనిషి తన అంకెను తన కళ్లతోనే చూస్తాడు. మత్తుమందు అంకె అలా కనపడదు. అతను ఎన్నడూ చూడని గదిలో, ఎన్నడూ కలవని మనిషి, వారాలో నెలలో గడిచాక దాన్ని తేలుస్తాడు. రెండు దేశాల్లోనూ ఈ కేసు బరువంతా ఆ గది మీద పడటానికి కారణం ఇదే.

ఆ గదిలో జరిగేది ఎవరి గోడల మధ్యనైనా ఒక్కటే. రక్తాన్ని సోడియం ఫ్లోరైడ్ వేసిన ట్యూబులో తీసి చల్లగా ఉంచాలి. లేకపోతే కొకైన్ ఆ ట్యూబులోనే విరిగిపోయి వేరే పదార్థంగా మారుతుంది. టీహెచ్‌సీ రోజులు గడిచేకొద్దీ తరిగిపోతుంది. మొదట ఒక వడపోత పరీక్ష చేసి, ఏ మందు ఉండొచ్చో పసిగడతారు. తర్వాత మాస్ స్పెక్ట్రోమీటర్ అనే యంత్రం అణువులను వాటి బరువును బట్టి విడదీసి చూపిస్తుంది. యంత్రం నిజం చెబుతోందో లేదో తెలుసుకోవడానికి ప్రతి బ్యాచ్‌లోనూ, మందు ఎంతుందో ముందే తెలిసిన నమూనాలను కలుపుతారు. తెలిసిన నమూనాకు యంత్రం తప్పు లెక్క చూపితే, ఆ బ్యాచ్‌లోని తెలియని నమూనాలన్నింటి లెక్కా చెల్లదు. కంసాలి భాషలో చెప్పాలంటే, బంగారం తూచేముందు గురివిందల్ని తూచి చూడటం అది. నిజాయతీ అంతా అక్కడే ఉంది.

ఇప్పుడు ఈ గదులు ఎవరివో చూద్దాం. మన గదికి పెద్ద చరిత్రే ఉంది. 1849లో మద్రాసులో రసాయన పరీక్షకుడి ప్రయోగశాల వెలసింది. దేశంలో ఆ కోవలో మొదటిది అదే. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోనివే. ఉమ్మెత్త, గన్నేరు, పాషాణం, నల్లమందు: అనుమానంగా పోయినవాళ్ల కడుపులోని విషాన్ని పోల్చి చెప్పడం ఆ ప్రయోగశాలకు మొదటి పని. మన ఫోరెన్సిక్ శాస్త్రం అలా విషంతోనే పుట్టింది. ఈనాటికీ టాక్సికాలజీ విభాగానికి వచ్చే పనిలో విసెరా సీసాలది, అంటే చనిపోయినవాళ్ల లోపలి అవయవాలు దాచిన సీసాలది, పెద్ద పాలు. పురుగుమందు తాగిన రైతు, అనుమానాస్పదంగా చనిపోయిన కోడలు, కల్తీ కల్లు తాగినవాళ్లు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎఫ్‌ఎస్‌ఎల్ అంటే మూడు తరాల పోలీసులకు, న్యాయవాదులకు ఒక చిరునామా.

అలాగే ఇంగ్లండ్‌కూ గర్వించదగిన సర్కారు గది ఉండేది. దాని పేరు ఫోరెన్సిక్ సైన్స్ సర్వీస్. జాతీయ స్థాయి డీఎన్ఏ డేటాబేస్‌ను ప్రపంచంలో మొదట, 1995లో, నెలకొల్పి నడిపింది ఆ సంస్థే. 2005లో దాన్ని ప్రభుత్వానికి చెందిన కంపెనీగా మార్చి ప్రైవేటు ల్యాబ్‌లతో పోటీకి నిలబెట్టారు. పోలీసు బలగాలు టెండర్లు పిలిచాయి. ధరలు తగ్గాయి. కొన్ని పరీక్షలను పోలీసులు తమ సొంత విభాగాల్లోనే చేసుకోవడం మొదలుపెట్టారు. నెలకు 20 లక్షల పౌండ్ల నష్టం వస్తోందని చెప్పి 2010 డిసెంబరులో మూసివేత ప్రకటించారు. 2012 మార్చి 31న తలుపులు మూసుకున్నాయి. అంటే 2015లో ఇంతటి సూక్ష్మమైన అంకెలతో కొత్త చట్టం వచ్చేనాటికి, దాన్ని తూచడానికి సర్కారు చేతిలో సొంత త్రాసు లేదు.

ఇక్కడ సర్కారు ల్యాబ్‌ల అభిమానులు తొందరపడి తీర్పు చెప్పకూడదు. 1993లో లండన్‌లో జాతి ద్వేషంతో హత్యకు గురైన స్టీఫెన్ లారెన్స్ కేసును గుర్తు చేసుకోవాలి. అనుమానితుల దుస్తులను సర్కారు ల్యాబ్ పరిశీలించింది. గట్టి ఆధారమేదీ దొరకలేదు. ఏళ్ల తర్వాత అవే దుస్తులను ఎల్‌జీసీ అనే ప్రైవేటు ల్యాబ్ మళ్లీ పరిశీలిస్తే ఒక జాకెట్ కాలరు మీద సూది మొనంత రక్తపు మరక కనిపించింది. 2012 జనవరిలో ఇద్దరికి శిక్ష పడింది. రెండో కన్ను ఉండటం వల్ల వచ్చిన న్యాయం అది. మనకూ ఈ రెండో కన్ను పూర్తిగా కొత్త కాదు. ఉమ్మడి రాష్ట్ర ఎఫ్‌ఎస్‌ఎల్ డైరెక్టరుగా పనిచేసిన డాక్టర్ కె.పి.సి. గాంధీ 2007లో హైదరాబాద్‌లో ట్రూత్ ల్యాబ్స్ పేరుతో స్వతంత్ర ఫోరెన్సిక్ ప్రయోగశాలను స్థాపించారు. సర్కారు త్రాసుతోనే జీవితమంతా తూచిన మనిషికి ఇంకో త్రాసు అవసరమనిపించిందంటే ఆలోచించాల్సిన విషయమే.

అయితే రెండో కన్ను వేరు, ఒక్క కన్ను తీసి ఇంకో కన్ను పెట్టడం వేరు. ఇంగ్లండ్ చేసింది రెండోది. ఫలితం 2017లో బయటపడింది. మాంచెస్టర్‌లోని రాండాక్స్ టెస్టింగ్ సర్వీసెస్ అనే ప్రైవేటు ల్యాబ్‌లో నాణ్యతా నియంత్రణ వివరాలను మార్చారన్న అనుమానాన్ని ఆ సంస్థే పోలీసుల దృష్టికి తెచ్చింది. ఇద్దరిని అరెస్టు చేశారు. ఆ ఏడాది నవంబరు 21న ప్రభుత్వం పార్లమెంటుకు సంగతి చెప్పింది. 2013 నుంచి జరిగిన పరీక్షలు, దాదాపు 10,000 కేసులు, 42 పోలీసు బలగాలు. వాటిలో నాలుగింట మూడు వంతులు మత్తులో వాహనం నడపడం వంటి రోడ్డు నేరాలే. మిగతావాటిలో దాడులు, అత్యాచారాలు, అనుమానాస్పద మరణాలు ఉన్నాయి. మళ్లీ పరీక్షలు మొదలయ్యాయి. ఖర్చు ఆ సంస్థే పెట్టుకుంది. కానీ కొన్ని ట్యూబుల్లో పరీక్షకు చాలినంత రక్తం మిగల్లేదు. మళ్లీ తూచడానికి మిగతా ల్యాబ్‌లకు తీరిక చాలలేదు. 2018 చివరికి నలభైకి పైగా డ్రైవింగ్ కేసుల్లో శిక్షలు రద్దయ్యాయి లేదా ప్రాసిక్యూషన్ విరమించుకుంది.

ఈ ఉదంతంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఒక్కటే. డ్రైవర్ల రక్తాన్ని ఎవరో కల్తీ చేశారన్నది కాదు అక్కడి అనుమానం. యంత్రాన్ని సరిచూసే నమూనాల లెక్కలను మార్చారన్నది. బంగారం బంగారంలాగే ఉంది, గురివిందే మారింది. అలాంటి తప్పు ఒక్క మనిషి కేసులో ఆగదు. ఆ త్రాసు మీద తూగిన ప్రతివాడి కేసులోకీ పాకుతుంది. తప్పుచేయనివాడు లైసెన్సు పోగొట్టుకుని, దానితో ఉద్యోగం పోగొట్టుకుని ఉండొచ్చు. అలాగే నిజంగా తప్పు చేసినవాడు ఈ గందరగోళం చాటున తప్పించుకుని ఉండొచ్చు. రోడ్డు మీద బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఆ రెండూ అన్యాయాలే.

కథ అక్కడితో ఆగలేదు. 2018 జనవరిలో కీ ఫోరెన్సిక్ సర్వీసెస్ అనే ఇంకో సంస్థ ఆర్థికంగా కుప్పకూలితే, నడుస్తున్న కేసులు నిలిచిపోకుండా పోలీసులు, హోంశాఖ డబ్బు సర్దాల్సి వచ్చింది. 2019 జూన్‌లో యూరోఫిన్స్ ల్యాబ్ కంప్యూటర్లను హ్యాకర్లు స్తంభింపజేస్తే పోలీసులు కొత్త నమూనాలు పంపడం ఆపేశారు. దాదాపు 20,000 నమూనాలు పేరుకుపోయాయి. పోటీ ఉంటే ఒకరు పోయినా ఇంకొకరు ఆదుకుంటారన్నది మార్కెట్ ఇచ్చిన మాట. కానీ మూడు నాలుగు సంస్థలే మిగిలిన చోట ఒకటి దగ్గితే దేశమంతా జ్వరం పట్టుకుంది. అదే ఏడాది మే నెలలో ప్రభువుల సభ సైన్స్ కమిటీ తన నివేదికలో ఈ రంగపు దుస్థితిని తీవ్రంగా ఎత్తిచూపింది.

మన వైపు చూస్తే ఇలాంటి ప్రమాదాలు కనిపించవు. ఎఫ్‌ఎస్‌ఎల్ దివాలా తీయదు. టెండరు గెలవడానికి ధర తగ్గించుకోదు. నెలకు ఇన్ని ట్యూబులు తేల్చకపోతే బిల్లు కోస్తామని ఎవరూ దాన్ని బెదిరించరు. చేసిన పని పోలీసుల మెప్పు కోసమా అన్న అనుమానం ఉండొచ్చు గానీ పోలీసుల డబ్బు కోసమన్న అనుమానం ఉండదు. విసెరా నుంచి సింథటిక్ డ్రగ్స్ దాకా ఒకే కప్పు కింద కూడిన అనుభవం దానిది. ఒక శాస్త్రజ్ఞుడు చూసిన వింత విషాన్ని ఇరవై ఏళ్ల తర్వాత ఇంకొకరు గుర్తు చేసుకుంటారు. టెండరు మారినప్పుడల్లా చెల్లాచెదురయ్యే జ్ఞాపకం కాదది. ఇంగ్లండ్‌లో ఫోరెన్సిక్ సైన్స్ సర్వీస్ మూతపడినప్పుడు అనుభవజ్ఞులు ఎక్కువగా బాధపడింది ఈ జ్ఞాపకం గురించే.

కానీ మన గురివింద కిందా నలుపుంది. దాని పేరు ఆలస్యం. మత్తుమందుల కేసుల్లో విచారణలు ఎందుకు సాగిపోతున్నాయో 2013 నాటి థానా సింగ్ కేసులో సుప్రీంకోర్టు వివరంగా పరిశీలించింది. ల్యాబ్‌లు చాలకపోవడమూ, నివేదికలు ఆలస్యం కావడమూ ఆ కారణాల్లో ఉన్నాయి. రిపోర్టు రాలేదని వాయిదా, రిపోర్టు రాలేదని బెయిలు, రిపోర్టు రాలేదని జైల్లోనే మగ్గడం. కాగితం మీద ఏ తప్పూ ఉండదు. కాగితమే ఉండదు. మాంచెస్టర్‌లో నమ్మలేని తూకం మీద మనుషులకు శిక్షలు పడ్డాయి. మన దగ్గర ఎదురుచూపే శిక్ష అవుతోంది.

ఆలస్యం మనకొక్కరికే పరిమితమైన జబ్బు అనుకోవడమూ సరికాదు. ఇంగ్లండ్‌లో ఈ నేరం కింది స్థాయి కోర్టులో నడుస్తుంది కాబట్టి సంఘటన జరిగిన ఆరు నెలల్లోపు కేసు పెట్టాలి. ప్రైవేటు ల్యాబ్ నుంచి ఫలితం ఆ గడువు అంచుకు చేరిన సందర్భాలు, గడువు దాటిపోయిన సందర్భాలు ఉన్నాయి. స్కాట్లండ్ కథ ఇంకా చెప్పుకోదగ్గది. అక్కడ సర్కారు ఫోరెన్సిక్ సేవలను మూసేయలేదు. అయినా 2019 అక్టోబరు 21న మత్తు డ్రైవింగ్ చట్టం వచ్చాక నమూనాలు అంచనాలు దాటి వచ్చిపడ్డాయి. సర్కారు ల్యాబ్ మోయలేక కొన్నింటిని బయటి సంస్థలకు కాంట్రాక్టుకిచ్చింది. అయినా గడువులు దాటి వందల కేసులు వీగిపోయాయి. సర్కారుదైనా, ప్రైవేటుదైనా, రెండూ కలిసినదైనా, త్రాసు మోయగలిగిన దానికన్నా ఎక్కువ బరువు వేస్తే ముల్లు ఆగిపోతుంది. అది యజమాని ఎవరని అడగదు.

ఇంతవరకూ తేడాలు చెప్పాను. ఇప్పుడు చుట్టరికం చెప్పాలి. రెండు చోట్లా ల్యాబ్ గౌరవానికి ఆధారం ఒకే అంతర్జాతీయ ప్రమాణం, ఐఎస్ఓ 17025. అక్కడ ఆ గుర్తింపు ఇచ్చేది యూకాస్, ఇక్కడ ఇచ్చేది ఎన్ఏబీఎల్. రెండు చోట్లా కోర్టు సాధారణంగా యంత్రాన్ని చూడదు, కాగితాన్ని చూస్తుంది. మన పాత నేర విచారణ స్మృతి సీఆర్‌పీసీ 293వ సెక్షన్, దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 329వ సెక్షన్ ప్రకారం సర్కారు శాస్త్రజ్ఞుడు బోనెక్కకుండానే ఆయన నివేదికను సాక్ష్యంగా తీసుకోవచ్చు. అలాగే ఇంగ్లండ్‌లోనూ విశ్లేషకుడి ధ్రువపత్రం చాలా కేసుల్లో మనిషి రాకుండానే చెల్లుతుంది. లక్షల కేసులు నడవాలంటే ఈ నమ్మకం తప్పదు. కానీ నమ్మకం ఎక్కువైన చోటే సరిచూసుకునే హక్కు గట్టిగా ఉండాలి. రెండు దారులూ విడిపోయేది ఇక్కడే. నా దృష్టిలో యాజమాన్యం కన్నా ముఖ్యమైన తేడా ఇదే.

ఇంగ్లండ్ రోడ్డు నేరాల చట్టం 1988లోనే ఒక మాట రాసిపెట్టింది. రక్తం తీసేటప్పుడు డ్రైవరు అడిగితే దాన్ని రెండు భాగాలు చేసి ఒక భాగం అతనికి ఇవ్వాలి. అడిగినా ఇవ్వకపోతే పోలీసుల దగ్గరున్న భాగం మీద వచ్చిన అంకె కోర్టులో చెల్లదు. సర్కారు ల్యాబ్ ఉన్న రోజుల్లో పెట్టిన నియమమిది. ప్రైవేటు ల్యాబ్‌ల కాలంలోనూ నిలిచింది. ఆ రెండో భాగాన్ని చల్లగా దాచుకుని, తన ఖర్చుతో ఇంకో ల్యాబ్‌లో పరీక్ష చేయించుకోవడం డ్రైవరు బాధ్యత. ఆ చిన్న గాజు ట్యూబు పోలీసుల ల్యాబ్ మీద ఎవరి అనుమతీ లేకుండా ఒక మనిషి పెట్టగలిగిన పరీక్ష.

మన మోటారు వాహనాల చట్టం 204వ సెక్షన్ రక్త పరీక్ష గురించి మాట్లాడుతుంది. అది చాలావరకు మద్యం శ్వాస పరీక్ష చుట్టూనే తిరుగుతుంది. అందులో రెండో భాగం ఊసు లేదు. పట్టుకున్న మత్తుమందు విషయంలో మళ్లీ పరీక్ష అడగొచ్చా అంటే, అసాధారణమైన పరిస్థితుల్లో మాత్రమేననీ, అదీ నివేదిక అందిన 15 రోజుల్లో అడగాలనీ థానా సింగ్ తీర్పే చెప్పింది. కాలయాపనను ఆపడానికి పెట్టిన హద్దు అది. దాని ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. కానీ పొట్లంలోని పొడి ఏళ్లు నిలుస్తుంది. ట్యూబులోని రక్తం నిలవదు. దానికి వేరే నియమం కావాలి.

ఆ నియమం మనకు తెలియనిదేమీ కాదు. ఆహార భద్రత చట్టం 2006 చూడండి. అధికారి పాల నమూనా తీసినప్పుడు దాన్ని నాలుగు భాగాలు చేయాలి. ఒకటి ఫుడ్ ఎనలిస్టుకు, రెండు అధికారి దగ్గర భద్రంగా, నాలుగోది వ్యాపారి కోరితే గుర్తింపు పొందిన ల్యాబ్‌కు. పాలమ్మే మనిషికి సర్కారు తూకాన్ని సరిచూసుకునే దారిని మనమే రాసిచ్చాం. ఇంగ్లండ్ నుంచి అరువు తెచ్చుకోనక్కరలేని ఆలోచన ఇది. మన పాల డెయిరీ దాకా వచ్చి రోడ్డు మీదికి రాలేదంతే.

ఇప్పుడెందుకు ఈ గొడవ అని పాఠకుడు అడగొచ్చు. గంజాయి ఇప్పుడు మన్యం కొండల్లోనో సరిహద్దు చెక్‌పోస్టుల్లోనో పట్టుబడే సరుకుగానే మిగల్లేదు. కాలేజీ గేటు దాకా, స్టీరింగ్ దాకా వచ్చింది. తెలంగాణ పోలీసులు ఇటీవలి ఏళ్లలో కిట్లతో అక్కడికక్కడే మత్తుమందు పరీక్షలు మొదలుపెట్టారు. ఏడేళ్లు, అంతకుమించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనాస్థలానికి వెళ్లాలని 2024 జులైలో అమల్లోకి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ చెబుతోంది. ఎఫ్‌ఎస్‌ఎల్ మీద ఎన్నడూ లేనంత బరువు పడబోతోంది. బరువు పెరిగినచోట కాంట్రాక్టు మాట వినబడుతుంది. అందుకు తలుపు మన చట్టాల్లో ఇప్పటికే ఉంది. 204వ సెక్షన్ ప్రభుత్వం స్థాపించిన, నడిపే ల్యాబ్‌లతో పాటు ప్రభుత్వం ‘గుర్తించిన’ ల్యాబ్‌ను కూడా ఒప్పుకుంటుంది. 329వ సెక్షన్ ప్రభుత్వం నోటిఫై చేసిన ఏ ఇతర శాస్త్ర నిపుణుడి నివేదికనైనా చేర్చుకుంది. ఆ తలుపు తెరవడాన్ని నేను పాపమనను. రెండో కన్ను ఎంత మేలు చేయగలదో పైనే చెప్పాను. ఏళ్ల తరబడి ఎదురుచూసే నిందితుడికి, బాధితుడికి, పని చేయగలిగిన ప్రైవేటు ల్యాబ్ వరమే కావచ్చు.

కానీ తలుపు తెరిచే వరస ముఖ్యం. ఇంగ్లండ్ ముందు మార్కెట్‌ను తెరిచింది. ఫోరెన్సిక్ సైన్స్ రెగ్యులేటర్ అనే పదవి ఉన్నా పదేళ్లకు పైగా ఆ పదవికి చట్టబద్ధమైన అధికారాలు లేవు. డాక్టర్ జిలియన్ టలీ ఆ కుర్చీలో ఉండగా ఏటా తన నివేదికల్లో అడుగుతూనే వచ్చారు. అధికారాలిచ్చే చట్టం 2021లో వచ్చింది. దాని కింద రాసిన నియమావళి 2023 అక్టోబరు 2న అమల్లోకి వచ్చింది. ల్యాబ్ మూసిన పదకొండేళ్లకు, మాంచెస్టర్ ఉదంతం బయటపడిన ఆరేళ్లకు. కాపలాదారును దొంగతనం తర్వాత పెట్టుకున్నారు. ఆ తప్పును దాచకుండా సభ ముందు పెట్టి, వేల ట్యూబులను మళ్లీ తూచడానికి పూనుకున్న ధైర్యానికి నమస్కరిస్తూనే, ఆ ఆలస్యాన్ని మనం మళ్లీ చేయకూడదని అడుగుతున్నాను.

రెండు సంప్రదాయాలనూ ఇంతసేపు చేతుల్లో పెట్టుకుని చూశాక నాకు తేలింది ఇది. సర్కారు ల్యాబ్ నిదానం దాని నిజాయతీకి రుజువు కాదు. ప్రైవేటు ల్యాబ్ వేగం దాని నేర్పుకు రుజువు కాదు. తూకం నిజమనడానికి రుజువు ఒక్కటే: అదే వస్తువును ఇంకొకరు, ఇంకో త్రాసులో, తూచి చూడగలగడం. అక్కడ సర్కారు చేజార్చుకున్నది ల్యాబ్‌నే గానీ, డ్రైవరు చేతిలోని సగాన్ని తీసేయలేదు. ఇక్కడ సర్కారు ల్యాబ్‌ను నిలబెట్టుకుంది గానీ, ఆ సగాన్ని ఇంకా ఇవ్వలేదు. వాళ్ల దగ్గరున్నదీ మన దగ్గరున్నదీ కలిస్తే మంచి త్రాసవుతుంది.

కాబట్టి శాసనసభ్యులకూ, పోలీసు అధికారులకూ, న్యాయవాదులకూ నా విన్నపం ఒక్కటే. మత్తుమందులకు అంకెలు పెట్టేముందు, బయటి ల్యాబ్‌లను గుర్తించేముందు, రక్తం తీసిన చోటే దాన్ని రెండు భాగాలు చేసి ఒకటి డ్రైవరు పేరుతో చల్లగా భద్రపరచాలన్న ఒక్క వాక్యాన్ని చట్టంలో రాయండి. పాల సీసాకు మనం 2006లో ఇచ్చిన రక్షణ, మనిషి రక్తపు సీసాకు ఇంకా లేదు.